శస్త్రచికిత్స వేళ రక్తపోటు తగ్గుదల – నివారణ: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత రోగిభాష

వ్యాససంగ్రహం:

శస్త్రచికిత్స సమయంలో మత్తుమందు ప్రభావం, రక్తస్రావం, శరీరంలో నీటి లోపం మొదలైన కారణాలతో రోగి రక్తపోటు తగ్గడం తరచుగా సంభవించే పరిణామం. దీనిని సకాలంలో నివారించకపోతే మెదడు, గుండె, మూత్రపిండాలకు హాని కలుగుతుంది. నివారణ చర్యల్లో ఎక్కువభాగం యంత్రాలకు, మందులకు సంబంధించినవే అయినా, వాటికి కావలసిన సమాచారం రోగి నోటి నుండే రావాలి. ఆ సమాచారాన్ని రాబట్టే ప్రశ్నల్లోని తెలుగు మాటలు రోగికి, వైద్యునికి వేర్వేరు అర్థాలు ఇస్తే నివారణ దెబ్బతింటుంది. మూడు రాష్ట్రాల సరిహద్దుకు చేరువలో ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల భాషా నేపథ్యంలో ఈ సమస్యను వివరించి, ఉపయోగపడే ప్రశ్నల నమూనాను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రక్తపోటు, శస్త్రచికిత్స, మత్తువైద్యం, రోగిభాష, చిత్తూరు మాండలికం, సరిహద్దు భాషలు, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో వైద్య పరిభాషను గురించిన చర్చ ఎక్కువగా పాఠ్యపుస్తకాల చుట్టూ, పదకోశాల చుట్టూ సాగింది. ఒక ఆంగ్లపదానికి సంస్కృత సమాసం కావాలా, దేశిపదం కావాలా, ఆదానపదాన్నే ఉంచుకోవాలా అన్నది ఆ చర్చల సారాంశం. వైద్యభాషకు మరొక పార్శ్వం కూడా ఉంది. అది ఆసుపత్రిలో రోగికి, వైద్యునికి నడుమ రెండు మూడు నిమిషాల్లో ముగిసే సంభాషణ. అక్కడ పదం అందంగా ఉందా, శాస్త్రీయంగా ఉందా అన్న ప్రశ్న తలెత్తదు. అడిగినవారు అడిగినదే విన్నవారికి అర్థమయిందా అన్నదే ప్రధానం.

శస్త్రచికిత్సకు ముందు మత్తువైద్యుడు రోగిని కలిసి మాట్లాడే సందర్భం ఇటువంటి సంభాషణల్లో కీలకమైనది. ఆపరేషన్ బల్ల మీద రోగి రక్తపోటు పడిపోకుండా చూడటానికి అవసరమైన సమాచారంలో చాలాభాగం అప్పుడే సేకరిస్తారు. ఒక్క మాట తప్పుగా అర్థమైనా దాని ఫలితం మరునాడు ఆపరేషన్ థియేటర్‌లో కనబడుతుంది. అందువల్ల శరీరధర్మాన్ని, భాషాధర్మాన్ని కలిపి పరిశీలించవలసి ఉంది.

2. ప్రాంతీయ నేపథ్యం:

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి, నైరుతి భాగాల్లోని పట్టణాలు. మదనపల్లెకు వైద్యచరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో ఆర్కాటు మిషన్ ఈ ప్రాంతంలో వైద్యసేవలు నెలకొల్పింది. మదనపల్లె సమీపంలో 1915లో రోగులను చేర్చుకోవడం ప్రారంభించిన యూనియన్ మిషన్ క్షయ వైద్యశాల, డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో దేశవ్యాప్తంగా పేరు పొందింది. ఆ వైద్యశాల ఉన్న చోటు 'ఆరోగ్యవరం' అనే పేరుతో స్థిరపడింది. విదేశీయులు నడిపిన సంస్థకు స్థానికులు పలకగల, అర్థం చేసుకోగల పేరు నిలవడం భాషాదృష్టితో గమనించదగిన విషయం.

కుప్పం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలు కలిసే చోట ఉంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడినది ఇక్కడే. పి.ఇ.ఎస్. వైద్యకళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి కూడా కుప్పంలోనే ఉన్నాయి. పుంగనూరు వంటి పట్టణాల నుండి, చుట్టుపక్కల పల్లెల నుండి పెద్ద చికిత్సల కోసం మదనపల్లె, కుప్పం, తిరుపతి, బెంగళూరు, వేలూరు వంటి చోట్లకు వెళ్ళడం ఈ ప్రాంతవాసులకు అలవాటు. అంటే ఒక రోగి తన ఊరిలో ఒక వైద్యునికి, పట్టణంలో మరొకరికి, పెద్దాసుపత్రిలో ఇంకొకరికి తన కథ చెప్పుకోవలసి వస్తుంది. ఆ ముగ్గురి మాతృభాష ఒకటే కాకపోవచ్చు. ఇళ్ళలో తెలుగు, తమిళం, కన్నడం, దక్కనీ ఉర్దూ వినబడే ఈ ప్రాంతంలో రోగి మాట కూడా ఒక్క తీరుగా ఉండదు.

3. రక్తపోటును గమనించడం – తెలుగునేలపై ఒక చారిత్రక ఘట్టం:

మత్తు ఇచ్చేటప్పుడు రక్తపోటును పట్టించుకోవాలా అన్న ప్రశ్నపై ప్రపంచవ్యాప్తంగా చర్చ రేపిన ప్రయోగాలు హైదరాబాదులో జరిగాయి. హైదరాబాదు వైద్యపాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం ఇచ్చేటప్పుడు శ్వాసను గమనిస్తే చాలునని, నాడిని పట్టి చూడనవసరం లేదని గట్టిగా వాదించాడు. దీనిని తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో మరొకటిగా రెండు క్లోరోఫాం కమిషన్లు ఏర్పడ్డాయి. రెండవదానికి నిజాం ప్రభుత్వం ధనసహాయం చేయగా, లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నాడు. జంతువులలో రక్తపీడనాన్ని గీతలుగా నమోదు చేసే యంత్రంతో ప్రయోగాలు చేశారు. క్లోరోఫాం వల్ల మొదట ఆగేది శ్వాసేనని, గుండె తరువాత ఆగుతుందని కమిషన్ తేల్చింది. ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫాం ఇవ్వడంలో నైపుణ్యం సాధించి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరుగా గుర్తింపు పొందింది.

ఆ నిర్ణయం నిలవలేదు. 1893లో గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు క్లోరోఫాం నేరుగా గుండెనే బలహీనపరుస్తుందని చూపారు. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె లయ ఒక్కసారిగా చెదరి మరణం సంభవించగలదని నిరూపించాడు. ఈలోగా 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచీ చేతికి చుట్టే పట్టీతో రక్తపోటును కొలిచే పరికరాన్ని రూపొందించాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ స్టెతస్కోపుతో పై సంఖ్యను, కింది సంఖ్యను గుర్తించే పద్ధతిని వివరించాడు. హార్వీ కుషింగ్ అమెరికాలో ఆపరేషన్ సమయంలో రక్తపోటు నమోదును ప్రచారంలోకి తెచ్చాడు. శ్వాసను చూస్తే చాలునన్న వాదం నుండి, శ్వాసతో పాటు రక్తప్రసరణను కూడా నిరంతరం గమనించాలన్న అవగాహనకు వైద్యం చేరడానికి ఇంతకాలం పట్టింది.

4. రక్తపోటు ఎందుకు పడిపోతుంది?

రక్తనాళాల గోడలపై రక్తం కలిగించే ఒత్తిడే రక్తపోటు. ఇది ప్రధానంగా మూడు అంశాలపై ఆధారపడుతుంది: గుండె ఎంత బలంగా, ఎంత వేగంగా రక్తాన్ని నెడుతున్నది, నాళాలు ఎంత బిగువుగా ఉన్నాయి, వాటిలో ఎంత రక్తం ఉంది. శస్త్రచికిత్స వేళ ఈ మూడూ ఒకేసారి మారిపోవచ్చు.

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు ప్రోపోఫాల్ వంటి మందులు రక్తనాళాలను వదులు చేస్తాయి, గుండె శక్తిని కొంత తగ్గిస్తాయి. అందువల్ల మత్తు మొదలైన క్షణానికి, శస్త్రవైద్యుడు కోత పెట్టే క్షణానికి నడుమ రక్తపోటు పడిపోవడం ఎక్కువ. నడుములో సూది ద్వారా ఇచ్చే మత్తులో కాళ్ళకు, పొట్టకు వెళ్ళే నాళాలను బిగించే నాడులు కూడా మొద్దుబారుతాయి. రక్తం శరీరం కింది భాగంలో నిలిచిపోయి గుండెకు తిరిగి చేరేది తగ్గుతుంది. 1898లో ఆగస్ట్ బియర్ జర్మనీలో ఈ పద్ధతిని ప్రారంభించిన నాటి నుండి దీనికి తోడుగా ఉన్న సమస్య ఇదే.

సిజేరియన్ కాన్పులో ఈ సమస్య మరింత తీవ్రం. తల్లి వెల్లకిలా పడుకున్నప్పుడు గర్భాశయం బరువు పెద్ద రక్తనాళాలపై పడుతుంది. నివారణ చర్యలు లేనప్పుడు సగానికి మించిన సిజేరియన్లలో రక్తపోటు తగ్గుతుంది. మాయకు చేరే రక్తం తల్లి రక్తపోటుపైనే ఆధారపడి ఉంటుంది కనుక, ఆ తగ్గుదల బిడ్డకు కూడా ప్రమాదమే. వీటికి తోడు రక్తస్రావం, మందులు పడకపోవడం, వాంతులు విరేచనాల వల్ల ముందే ఏర్పడిన నీటి లోపం, గుండెజబ్బు వంటివి ఇతర కారణాలు.

హాని ఎంత? అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 33 వేలకు పైగా శస్త్రచికిత్సల నమోదులను పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనంలో, సగటు ధమనీ పీడనం 55 కంటే తక్కువలో కొద్ది నిమిషాలు ఉన్నా మూత్రపిండాలకు, గుండెకు హాని జరిగే అవకాశం పెరుగుతుందని తేలింది. 'సగటు పీడనం' అంటే కింది సంఖ్యకు, రెండు సంఖ్యల తేడాలో మూడోవంతు కలిపితే వచ్చేది. రక్తపోటు 120/80 అయితే సగటు సుమారు 93. సాధారణంగా పెద్దలలో ఇది 65కు తగ్గకుండా చూడాలని మత్తువైద్యులు భావిస్తారు.

5. నివారణ మార్గాలు – వాటిని నడిపించే మాటలు:

రక్తపోటు పడిపోయాక చికిత్స చేయడం కంటే పడిపోకుండా చూడటం మేలు. నివారణలో ఒక్కొక్క మెట్టు దగ్గరా ఒక తెలుగు మాట ఉంది. ఆ మాట స్పష్టంగా ఉన్నప్పుడే ఆ మెట్టు గట్టిగా ఉంటుంది.

5.1 'బీపీ ఉందా?'

మత్తువైద్యుని మొదటి అవసరం రోగి సహజ రక్తపోటు ఎంతో తెలియడం. ఒకరి పై సంఖ్య మామూలుగా 150 అనుకుంటే, ఆపరేషన్‌లో అది 110కి దిగడం పెద్ద పతనం. మరొకరి సంఖ్య మామూలుగానే 110 అయితే అదే అంకె ఏ ప్రమాదాన్నీ సూచించదు. ఒకే సంఖ్య ఇద్దరికి వేర్వేరు అర్థాలు ఇస్తుంది. 2017లో ఫ్రాన్సులో జరిగిన ఒక ప్రయోగంలో, ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగులకు పై సంఖ్యను వారివారి సహజ స్థాయికి పది శాతం తేడాలోపల నిలిపినప్పుడు అవయవాలు దెబ్బతినడం 38.1 శాతం మందిలోనే కనబడింది. సాధారణ పద్ధతి అనుసరించినవారిలో అది 51.7 శాతం.

థియేటర్ గుమ్మంలో భయంతో ఉన్న రోగికి తీసిన రక్తపోటు సహజ స్థాయిని చూపదు. అంతకు ముందు వారాల్లో పుంగనూరులోనో, పల్లెలోని ఆరోగ్య కేంద్రంలోనో నమోదైన అంకెలకు ఎక్కువ విలువ ఉంటుంది. వాటిని రాబట్టడానికి అడిగే ప్రశ్న సాధారణంగా "బీపీ ఉందా?" అన్నదే. తెలుగు వ్యవహారంలో 'బీపీ' అంటే రక్తపోటు కాదు, రక్తపోటు ఎక్కువగా ఉండే జబ్బు. 'ఆయనకు బీపీ వచ్చింది' అన్నప్పుడు ఎవరూ తక్కువ రక్తపోటును ఊహించరు. 'నాకు బీపీ తెప్పించవద్దు' అన్న మాటలో అది కోపానికి పర్యాయపదం కూడా. కనుక తరచు కళ్ళు తిరిగి పడిపోయే వ్యక్తి ఈ ప్రశ్నకు 'లేదు' అని నిజాయితీగా జవాబు చెబుతాడు. మాత్రలతో అదుపులో ఉన్నవారు కూడా 'ఇప్పుడు లేదు' అనవచ్చు. రెండు జవాబులూ అబద్ధాలు కావు. లోపం ప్రశ్నలోనే ఉంది.

'రక్తపోటు' అన్న మాట వాడినా చిక్కు పూర్తిగా తీరదు. 'పొడుచు' ధాతువు నుండి ఏర్పడిన 'పోటు' శబ్దానికి కత్తిపోటు, తలపోటు, గుండెపోటు వంటి మాటల్లో నొప్పి, దెబ్బ అనే అర్థాలున్నాయి. 'ఆటుపోట్లు' అన్న జంటలో పోటు అంటే సముద్రం పొంగడం. అంటే ఈ పదంలో పెరుగుదల, బాధ ముందే నిక్షిప్తమై ఉన్నాయి. 'రక్తపోటు ఉందా?' అన్న ప్రశ్న కూడా పెరిగిన స్థితినే సూచిస్తుంది. 'రక్తపీడనం' అర్థపరంగా తటస్థమైనదే కాని, అది పాఠ్యపుస్తకం దాటి రాలేదు. పదాన్ని మార్చడం కంటే ప్రశ్నను మార్చడం సులభం: "ఈ మధ్య బీపీ ఎప్పుడు చూపించుకున్నారు? ఎంత ఉందన్నారు? చీటీ ఉందా?" అన్నప్పుడు జవాబుగా ఒక అంకె వస్తుంది.

5.2 'బీపీ మాత్ర'

ఆపరేషన్ రోజు ఉదయం 'బీపీ మాత్ర' వేసుకోవాలా వద్దా అన్నది ప్రతి రోగి అడిగే ప్రశ్న. ఒకే పేరుతో పిలిచే ఈ మాత్రలు నిజానికి భిన్నమైన తరగతులకు చెందినవి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ వంటివి ఆపరేషన్ రోజున వేసుకుంటే మత్తులో రక్తపోటు తగ్గే అవకాశం పెరుగుతుంది. 2024లో వెలువడిన ఫ్రాన్సు ప్రయోగంలో 2,222 మంది రోగులను పరిశీలించారు. ఈ మందులను కొనసాగించినవారిలో 54 శాతం మందికి, రెండు రోజుల ముందు ఆపినవారిలో 41 శాతం మందికి ఆపరేషన్ సమయంలో రక్తపోటు తగ్గింది. మరణాలు, పెద్ద సమస్యల విషయంలో మాత్రం రెండు వర్గాలకు తేడా కనబడలేదు. కనుక ఆపడమా, కొనసాగించడమా అన్నది రోగి స్థితిని బట్టి వైద్యుడు తీసుకునే నిర్ణయం.

అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి ఇందుకు భిన్నం. దీర్ఘకాలంగా వాడుతున్నవారు వాటిని హఠాత్తుగా మానితే గుండెకు ప్రమాదం. వాటిని సాధారణంగా కొనసాగిస్తారు. కొత్తగా ఆపరేషన్ రోజునే మొదలుపెట్టడం కూడా మంచిది కాదు. 2008లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ ప్రయోగంలో అలా మొదలుపెట్టినవారిలో గుండెపోట్లు తగ్గినా, పక్షవాతాలు, మరణాలు పెరిగాయి. ఒంట్లో నీరు తీసే మాత్రల సంగతి వేరు. అవి నీటి లోపాన్ని పెంచగలవు.

దీనిని బట్టి 'బీపీ మాత్ర ఆపండి' అన్న సూచన ఎంత అస్పష్టమైనదో తెలుస్తుంది. ఆపవలసినది ఆపకపోవడానికి, ఆపకూడనిది ఆపడానికి అదే కారణం కావచ్చు. మాత్ర రంగు, పరిమాణం చెప్పి గుర్తుచేసుకునే రోగుల విషయంలో మాత్రల షీట్లను వెంట తెమ్మనడం, ఏది ఆపాలో ఆ షీటు మీదనే గుర్తుపెట్టి ఇవ్వడం ఉపయోగకరం. నాటుమందుల గురించి విడిగా అడగాలి. సర్పగంధి వేరులోని రెసర్పిన్ రక్తపోటును తగ్గించే పదార్థం. 1952లో దానిని వేరుచేశాక అది ఆధునిక వైద్యంలోనూ విస్తారంగా వాడుకలోకి వచ్చింది. 'ఏవైనా మందులు వాడుతున్నారా?' అంటే వేరుమందు వాడే వ్యక్తి 'లేదు' అనవచ్చు. ఆయన దృష్టిలో అది మందుల అంగడిలో కొన్నది కాదు.

5.3 'పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు'

మత్తులో కడుపులోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి చేరకుండా ఉండటానికి ఉపవాసం అవసరం. తేలికపాటి ఆహారానికి, పాలకు ఆరు గంటలు; మాంసం, నూనె వంటకాల వంటి బరువైన ఆహారానికి అంతకంటే ఎక్కువ; నీరు వంటి స్వచ్ఛమైన ద్రవాలకు రెండు గంటలు అన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన నియమం. వ్యవహారంలో ఇది 'రాత్రి పది దాటితే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు' అన్న ఆజ్ఞగా మారిపోతుంది. పచ్చి నీళ్ళు ముట్టకపోవడం తెలుగువారికి కఠినోపవాసాన్ని, దీక్షను తెలిపే జాతీయం. అందులోని నిష్ఠ రోగి మనసుకు బాగా పడుతుంది. ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదాపడితే ఆ నిష్ఠ పద్నాలుగు, పదహారు గంటల దాహంగా పరిణమిస్తుంది. వేసవిలో, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన వృద్ధునికి ఇది రక్తపోటు పతనానికి సిద్ధం చేసిన నేల.

గంటల లెక్కతో పాటు ఏది నీరు, ఏది ఆహారం అన్నది స్థానిక భోజనం ఆధారంగా చెప్పాలి. రాగి అంబలి, గంజి, పాలు కలిపిన కాఫీ, టీ, మజ్జిగ తాగేవే అయినా స్వచ్ఛమైన ద్రవాల లెక్కలోకి రావు. 'ద్రవాహారం తీసుకోవచ్చు' అన్న మాట విన్న రోగి అంబలి తాగితే అది అతని తప్పు కాదు. "అంబలి, మజ్జిగ, పాలు, కాఫీ ఆరు గంటల ముందే ఆపాలి, వట్టి నీళ్ళు మాత్రం రెండు గంటల ముందు వరకు తాగవచ్చు" అన్నది అందరికీ అర్థమయ్యే వాక్యం. ఆలస్యంగా కడుపు ఖాళీ అయ్యే జబ్బులున్నవారికి, అత్యవసర ఆపరేషన్లకు నియమం వేరుగా ఉంటుంది కనుక వైద్యుని మాటే తుది.

5.4 థియేటర్‌లో:

ఇక్కడి చర్యలు పూర్తిగా వైద్యబృందానివి. రక్తనాళంలో సూది అమర్చి సెలైన్ ఎక్కించడం, పెద్ద రక్తస్రావం రాగలదనుకుంటే రెండు మార్గాలు సిద్ధంగా ఉంచడం, మత్తుమందును మెల్లగా, వయసుకు తగిన మోతాదులో ఇవ్వడం, మొదటి నిమిషాల్లో వెంటవెంటనే రక్తపోటు కొలవడం ఇందులోని ముఖ్యాంశాలు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శస్త్రచికిత్స భద్రతా పట్టికలో, పెద్దలలో 500 మిల్లీలీటర్లకు మించిన రక్తస్రావం జరగవచ్చా అని మత్తుకు ముందే ప్రశ్నించుకోవాలని ఉంది.

సిజేరియన్ విషయంలో 2018లో వెలువడిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ పత్రం స్పష్టమైన మార్గం చూపింది. నడుము సూది ఇచ్చిన వెంటనే ఫినైల్ ఎఫ్రిన్ వంటి నాళాలను బిగించే మందును నివారణగానే ప్రారంభించడం, పై సంఖ్యను సహజ స్థాయిలో 90 శాతానికి తగ్గకుండా చూడటం, 80 శాతానికి దిగితే వెంటనే సరిచేయడం, తల్లిని ఎడమవైపుకు కొద్దిగా ఒరిగించడం అందులోని సూచనలు. భారతీయ ఆసుపత్రుల్లో మెఫెంటర్మిన్, ఎఫిడ్రిన్ కూడా వాడుకలో ఉన్నాయి. నారడ్రినలిన్ వాడకం కూడా పెరుగుతున్నది. ఈ శాతాల లెక్క అంతా సహజ స్థాయిపై ఆధారపడినదే. 5.1లో చెప్పిన చీటీ విలువ ఇక్కడ తెలుస్తుంది.

5.5 'ఒక మాదిరిగా ఉంది'

నడుము సూదితో జరిగే ఆపరేషన్‌లో రోగి మెలకువగా ఉంటాడు. యంత్రం తదుపరి అంకె చూపేలోపే రక్తపోటు తగ్గుతున్నదన్న సంగతిని రోగి శరీరం చెప్పవచ్చు. వికారం, కళ్ళు తిరగడం, చెమట, గాబరా దాని తొలి గుర్తులు. అందువల్ల రోగి మాట కూడా ఒక పరికరమే.

ఈ గుర్తులకు సరిహద్దు ప్రాంతంలో రకరకాల మాటలున్నాయి. తెలుగులో సాధారణంగా తిరిగేవి కళ్ళు; చిత్తూరు పల్లెల మాటలో 'కండ్లు తిరగతా ఉండాయి'. తమిళ, కన్నడాల్లో తిరిగేది తల. దక్కనీలో అది 'చక్కర్'. 'కళ్ళు బైర్లు కమ్మడం', 'సొమ్మసిల్లడం', 'కడుపులో తిప్పడం' కూడా ఇదే కోవకు చెందుతాయి. 'కళ్ళు' అన్న మాట వినగానే దృష్టి సమస్యగా భావించే పరభాషా వైద్యుడు అసలు విషయాన్ని జారవిడిచే అవకాశం ఉంది.

మరింత సూక్ష్మమైనది 'ఒక మాదిరి' అన్న ప్రయోగం. ప్రామాణిక తెలుగులో 'ఎలా ఉంది?' అన్న ప్రశ్నకు 'ఒక మాదిరిగా ఉంది' అంటే పరవాలేదు, మధ్యస్థంగా ఉంది అని అర్థం. తమిళంలో అదే తీరు పలుకుబడికి ఏదో తేడాగా ఉంది, ఒంట్లో బాగా లేదు అన్న భావం ఉంది. తమిళ ప్రభావమున్న తెలుగు మాట్లాడే రోగి ఈ రెండో అర్థంలో 'ఒక మాదిరిగా ఉంది' అంటే, కోస్తా నుండి వచ్చిన వైద్యుడు దానిని కుశలవార్తగా స్వీకరించవచ్చు. రెండు పక్షాలూ తెలుగే మాట్లాడుతున్నందువల్ల అపార్థం జరిగిందన్న అనుమానం కూడా ఎవరికీ రాదు.

దీనికి పరిష్కారం ముందుగానే మాటను నిర్ణయించుకోవడం. "సూది వేసినాక వాంతి వచ్చేటట్టున్నా, తల గాని కండ్లు గాని తిరిగినా, చెమటలు పోసినా, భయంగా ఉన్నా వెంటనే చెప్పండమ్మా, ఓర్చుకోవద్దు" అన్న ఒక్క సూచన చాలును. 'ఓర్చుకోవద్దు' అన్నది అందులో ముఖ్యమైన మాట. డాక్టరును ఇబ్బంది పెట్టకూడదని మౌనంగా భరించడాన్ని మర్యాదగా భావించే రోగులకు, మాట్లాడటమే చికిత్సకు సహాయమని తెలియాలి. నడుము సూదిని పేర్కొనేటప్పుడు 'వెన్ను' శబ్దాన్ని జాగ్రత్తగా వాడాలి. 'వెన్నుపోటు' తెలుగులో ద్రోహానికి పేరు. 'నడుముకు వేసే మత్తు సూది' అన్న మాట భయం లేకుండా అర్థమవుతుంది. 'మత్తు' అన్నప్పుడు కూడా స్పృహ ఉంటుందా, ఉండదా అన్నది విడమరచి చెప్పాలి.

5.6 ఆపరేషన్ తరువాత:

ప్రమాదం థియేటర్ తలుపు దగ్గర ఆగిపోదు. వార్డులో రక్తపోటును గంటల తరబడి కొలవని సందర్భాల్లో తగ్గుదల ఎవరి దృష్టికీ రాకపోవచ్చు. మొదటిసారి లేచేటప్పుడు ఒక్కసారిగా నిలబడకుండా, పక్కకు తిరిగి, కాళ్ళు వేలాడేసి కాసేపు కూర్చుని, తోడు పట్టుకుని లేవాలన్న సూచన రోగికే కాక తోడున్న బంధువుకు కూడా చెప్పాలి. ఎక్కువ రక్తం పోవడం, మూత్రం తగ్గడం, పిలిస్తే మందంగా పలకడం వెంటనే నర్సుకు చెప్పవలసిన గుర్తులు.

6. ప్రశ్నల నమూనా:

పై వివరణ ఆధారంగా, మత్తుకు ముందు జరిగే సంభాషణలో ఉపయోగపడే ప్రశ్నలను ఈ విధంగా రూపొందించవచ్చు. అవునని, లేదని జవాబిచ్చే ప్రశ్నలకు బదులు అంకెను, వస్తువును, సంఘటనను రాబట్టడం వీటి లక్షణం.

1. కడపటిసారి బీపీ ఎప్పుడు, ఎక్కడ చూశారు? ఎంత ఉందన్నారు? ఆ చీటీ తెచ్చారా?
2. పడుకుని లేచేటప్పుడు కండ్లు గాని తల గాని తిరుగుతాయా? ఎప్పుడైనా సొమ్మసిల్లి పడిపోయారా?
3. రోజూ వేసుకునే మాత్రలన్నీ చూపించండి. ఈ రోజు పొద్దున ఏది వేసుకున్నారు?
4. వేరుమందు, పసరుమందు, కషాయం ఏమైనా తాగుతున్నారా?
5. కడపటిసారి ఏమి తిన్నారు, ఏమి తాగారు? అప్పుడు టైము ఎంత?
6. రెండు మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు, రక్తం పోవడం ఉన్నాయా?
7. ఇంతకుముందు ఆపరేషన్ జరిగిందా? అప్పుడు మత్తు ఇచ్చినాక ఏమైనా ఇబ్బంది అయిందని చెప్పారా?

వీటికి తమిళ, కన్నడ, దక్కనీ రూపాలను కూడా సిద్ధం చేయడం ఈ ప్రాంతానికి అవసరం. సరిహద్దు భాషల అధ్యయనానికి అనువైన ద్రావిడ విశ్వవిద్యాలయం, వైద్యకళాశాల ఒకే పట్టణంలో ఉన్న కుప్పం అటువంటి ఉమ్మడి కృషికి తగిన చోటు.

7. ముగింపు:

1. శస్త్రచికిత్స వేళ రక్తపోటు తగ్గడాన్ని చాలావరకు ముందుగా ఊహించి నివారించవచ్చు. దానికి ఆధారం రోగి సహజ రక్తపోటు, మందులు, ఉపవాస సమయం, నీటి లోపం గురించిన సరైన సమాచారం.

2. 'బీపీ', 'రక్తపోటు', 'బీపీ మాత్ర', 'ద్రవాహారం' వంటి మాటలకు వైద్యంలో ఒక అర్థం, వ్యవహారంలో మరొక అర్థం ఉన్నాయి. ఈ తేడాను గుర్తించని ప్రశ్నకు నిజాయితీగా చెప్పిన జవాబు కూడా వైద్యుణ్ణి తప్పుదారి పట్టించగలదు.

3. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి చోట్ల అపార్థం వేర్వేరు భాషల నడుమనే కాక తెలుగు మాండలికాల నడుమ కూడా ఏర్పడవచ్చు. 'ఒక మాదిరి' అన్న ప్రయోగం అందుకు నిదర్శనం.

4. కొత్త పారిభాషిక పదాలను సృష్టించడంతో పాటు, వాడుకలో ఉన్న మాటలతో స్పష్టమైన ప్రశ్నలను నిర్మించడం కూడా తెలుగు భాషాశాఖలు చేపట్టదగిన పని. ఆ ప్రశ్నలను వైద్యులతో కలిసి ఆసుపత్రిలో పరీక్షించి, రోగులు ఎలా అర్థం చేసుకుంటున్నారో నమోదు చేయడం ముందు జరగవలసిన పరిశోధన.

హైదరాబాదు కమిషన్ నాటి వాదం శ్వాసను చూడాలా, నాడిని చూడాలా అన్నది. నేటి వైద్యం ఆ రెండింటినీ యంత్రాలతో అనుక్షణం గమనిస్తున్నది. మెలకువగా ఉన్న రోగి చెప్పే మాటకు కూడా ఆ పరిశీలనలో చోటు దక్కినప్పుడు నివారణ మరింత పటిష్ఠమవుతుంది.